సర్ రొనాల్డు రాసుగారి చరిత్రము

సంఘవార్షిక సంచికలయందు దాతల చరిత్రములను, విద్వాంసుల చరిత్రములను ప్రకటించుట యాచారమై యున్నది. ఈ యేడు మేము మన కులమునకుగాని మన దేశమునకుగాని చెందని యొక వైద్యుని చరిత్రమును సభ్యమహాశయులకును పోషకులకును విన్నవింపబూనితిమి. మన మెదకునుండి యొక్కపూట ప్రయాణమున జేరదగిన బేగంపేటయందే ఆయన లోకోపకారమైన సత్యమును గనుగొనెను గాన, ఆ చరిత్రము మనకు బరాయిది కాదు.

రాసుగారు 1857వ సంవత్సరము మే 13వ తేదిన హిమాలయ ప్రాంతమందలి అల్మోడాలో జన్మించిరి. తండ్రి కాంబెలు రాసు ఇంగ్లీషువారి సేనలో సేనాధిపతి. కుమారునకు గవిత్వముపై మక్కువ మెండు. వైద్యవిద్య నభ్యసించుట తండ్రి కోరికచేతనే. 1881లో ఆయన భారత వైద్యసేవలో బ్రవేశించిరి.

ఆ కాలమున విషమజ్వరముచే లెక్కకు మిక్కిలిగ జనులు మరణించుచుండిరి. మన యాయుర్వేదజ్ఞులు దీనిని తృతీయకమనియు జాతుర్థకమనియు విభజించి, జ్వరము వచ్చు వేళలను జక్కగా గుర్తించి యుండిరి. పాశ్చాత్యులు చెడుగాలిచే గలుగునని తలచి, ఆ యర్థమే యిచ్చు మలేరియా యను పేరిడిరి. 1880లో లావెరానను ఫ్రెంచివైద్యుడు ఆల్జీరియాలో రోగి రక్తమునందు సూక్ష్మక్రిమిని జూచెను. అయినను ఆ క్రిమి యొకరినుండి మఱియొకరికి జేరు త్రోవ యెవ్వరికిని దెలియలేదు.

1883లో బెంగుళూరున నున్నప్పుడు రాసుగారి గదికి దోమల బాధ యధికమయ్యెను. కిటికీచెంతనున్న నీటితొట్టిలో దోమపిల్లలు కదలాడుట జూచి, ఆయన యా నీటిని బాఱబోయించిరి. దోమలు తగ్గెను. తక్కిన తొట్లను గూడ నట్లే చేయింపుడని సైనికాధికారి నొకని నడుగగా, దోమలు సృష్టిక్రమమున నున్నవి, వానిని సహింపవలసినదే యని యాతడు నిరాకరించెను. అక్షరాస్యులును, నధికారులును గూడ నిట్టి యూహలకు లోబడుదురనుట కిది నిదర్శనము.

1894లో లండనునందు ప్యాట్రికు మ్యాన్సనను వైద్యుడు దోమకును మలేరియాకును సంబంధముండవచ్చునని రాసుగారికి బోధించెను. మఱుసటి యేడు రాసుగారు సికందరాబాదు దండునకు వైద్యులై వచ్చిరి. దోమలు చచ్చిన నీటిని ద్రాగుటచే జ్వరము వచ్చునేమోయని తొలుత నూహించి, సమ్మతించినవారికి నట్టి నీటి నిచ్చి చూచిరి. ఆ యూహ నిలువలేదు. పిమ్మట 1897 ఆగస్టు 16వ తేదిన హుసేనుఖానను రోగి, రెక్కలపై చుక్కలు గల దోమలచే గుట్టించుకొనుట కొప్పుకొనెను. దోమ కొక యణా చొప్పున నాతనికి 10 అణాలు ముట్టెను. ఆగస్టు 20వ తేదిన రాసుగారు మిగిలిన రెండు దోమలలో నొకదానిని గోసి, సూక్ష్మదర్శినితో బరీక్షించి, దాని జీర్ణకోశపు గోడయందు మలేరియాక్రిమి యెదుగుచుండుట గనుగొనిరి. ఆ దినమే నేడు ప్రపంచ దోమల దినముగా బాటింపబడుచున్నది.

1898లో రాసుగారు కలకత్తాకు బోయిరి. అచ్చట ప్లేగుభయమును, ప్లేగు సూదిమందును గుఱించిన వదంతులును నిండియుండెను. రక్తపరీక్షకై వ్రేలిని గ్రుచ్చబోయిన యీయన చేతిసూదిని జూచియు జనులు పారిపోయిరి. అందుచే నాయన పిచ్చుకలు మొదలగు పక్షుల మలేరియాను బరిశోధించి, క్రిమి దోమయొక్క లాలాజలగ్రంథులను జేరి, కాటుతో మఱియొక పక్షికి బోవునని యా జూలైలో నిరూపించిరి. మనుష్యుల విషయమున నిటలీ పండితులు ఆ యేటనే యీ సత్యమును స్థాపించిరి. 1902లో రాసుగారికి నోబెలు బహుమానము లభించెను. ఆయన సూయజు కాలువయొద్ది ఇస్మాయిలియా, మారిషసు ద్వీపము మున్నగుచోట్లకు దోమల నిర్మూలనమునకై పోయి, 1932 సెప్టెంబరు 16వ తేదిన లండనులో దన పేరిటి వైద్యసంస్థయందే పరమపదించిరి.

రాసుగారికి నోబెలు బహుమానము, హుసేనుఖానునకు 10 అణాలు! కాని యా పేదవాడు చేయి చాపకుండిన రాసుగారి విద్య యంతయు సూదిమొనయొద్దనే యాగిపోయి యుండెడిది. కలకత్తాలో జరిగిన దదియే. జనులు మూర్ఖులై పారిపోయిరనుట సరి కాదు. ఆ సూది యెందులకో వారి కెవరును నమ్మిక గలుగునట్లు చెప్పలేదు. చెప్పక చేయు మేలు గూడ గీడువలె దోచును.

మేము ఉపాధ్యాయులమై యుండిన కాలమున, వానకాలమునందు జ్వరములచే బడిలో బల్లలు ఖాళీ యగుట నేటేట జూచితిమి. మందు చల్లువారు రాగా తలుపులు మూసికొనిన యిండ్లను గూడ జూచితిమి. చెఱువులు నిండిన మన మెతుకుసీమలో నీరు భాగ్యము. ఇంటిముంగిట నిలిచిన నీరు మాత్రము శత్రువు. గ్రుడ్డు దోమగా మాఱుటకు సుమారు వారము, పది దినములు పట్టును గాన, వారమున కొకమాఱు డ్రమ్ములను, కూలర్లను, పాత టైర్లను, కొబ్బరిచిప్పలను నీరులేకుండ జేసిన చాలును. మలేరియాదోమ రాత్రివేళ గుట్టును. డెంగీదోమ పగటివేళ గుట్టును, మంచినీటియందును బుట్టును. కావున దోమతెర యొక్కటియే చాలదు.

సంఘపోషకులారా! సత్రములకును, కల్యాణమండపములకును మీరు ధనమిచ్చుచున్నారు, సంతోషము. దానితోబాటు మీ వాడలయందు మీ మాటయు నిండు. ఆశాకార్యకర్త రక్తపుజుక్క నడుగుటకు వచ్చినపుడు, ముందు మీరే వ్రేలు చాపి, యది యెందులకో పొరుగువారికి మన భాషలో దెలుపుడు. మాట వినదగిన పెద్ద యొకడు ముందు నిలిచెనేని, వెనుక నూఱిండ్ల తలుపులు తెఱచుకొనును.