సేవామూర్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్

పాఠ్య నేపథ్యం

వ్యాధిని నయం చేసేది వైద్యుడైతే, వ్యాధిగ్రస్తుణ్ణి కాపాడుకొనేది కుటుంబం. దీర్ఘవ్యాధితోనో అంగవైకల్యంతోనో బాధపడే బిడ్డ ఉన్న ఇంటికి ఔషధంతోపాటు అండ కూడా కావాలి. ఆ అండ దయాదాక్షిణ్యాలమీద ఆధారపడక, శిక్షణ పొందిన చేతుల ద్వారా ఇంటింటికీ చేరాలని ఆశించి, అందుకు తగిన సంస్థలను నిర్మించిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె జీవితాన్ని, సేవాదృష్టిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

స్వాతంత్ర్య సమరంలో చెరసాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. న్యాయస్థానాలలో వాదించినవారు, రాజ్యాంగ రచనలో పాలుపంచుకొన్నవారు, ప్రజాహిత సంస్థలను స్థాపించినవారు కూడా ఉన్నారు. ఈ కార్యాలన్నింటినీ ఒకే జీవితంలో నిర్వహించినవారు మాత్రం అరుదు. అట్టి అరుదైన వ్యక్తులలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. ఆమె చేపట్టిన పనులు పలు విధాలైనా వాటన్నింటికీ మూలసూత్రం ఒక్కటే. ఆపదలో ఉన్న మనిషిని ఆదుకోవడంతో సేవ ముగియదు. ఆ మనిషి తన కాళ్లమీద తాను నిలబడేదాకా అది కొనసాగాలి.

బాల్యం

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి బెన్నూరి రామారావు. రామారావు పరోపకారపరాయణుడు. కలరా, ప్లేగు వంటి మహమ్మారులు ప్రబలిన రోజులలో అయినవారే దగ్గరకు రావడానికి జంకుతుంటే ఆయన రోగులకు సాయపడేవాడు. దిక్కులేని శవాలకు అంత్యక్రియలు జరిపించేవాడు. రోగిని చూసి తొలగిపోరాదన్న సంస్కారం ఆ చిన్నారికి ఇంటిలోనే అబ్బింది.

నాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ల వయస్సులోనే ఆమెకు వివాహం జరిగింది. ఊహ తెలిసిన తరువాత ఆ బంధం తనకు తగదని గ్రహించి, పెద్దల అండతో దానినుండి వైదొలగింది. భర్త మరొక స్త్రీని వివాహం చేసుకొన్నాడు. కాలక్రమంలో ఆయన మరణించగా ఆ రెండవ భార్య నిరాదరణకు గురైంది. ఆమెను చేరదీసి, చేతిపనులలో శిక్షణ ఇప్పించి, స్వయంగా జీవించగలిగేటట్లు చేసింది దుర్గాబాయే. ఆమె సేవాదృష్టి ఎటువంటిదో ఈ ఒక్క సంఘటనే చెబుతుంది. పూటకింత అన్నం పెట్టి ఊరుకోక, బతుకుతెరువు చూపించడమే నిజమైన ఆదరణ అని ఆమె నమ్మింది.

చెరసాల - చదువు

1921లో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చినప్పుడు పన్నెండేళ్ల దుర్గాబాయి దేవదాసీలను, ముస్లిం మహిళలను ఆయన సభకు సమీకరించింది. స్త్రీలకు హిందీ నేర్పడానికి బాలికా పాఠశాలను నడిపింది. 1930లో మదరాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరెస్టయింది. 1930 - 1933 సంవత్సరాల మధ్య మూడు పర్యాయాలు కారాగారవాసం అనుభవించింది. మధుర చెరసాలలో ఏకాంతవాసం ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది.

అయితే చెరసాల ఆమెకు ఒక పాఠశాల కూడా అయింది. చేయని నేరానికి శిక్ష అనుభవిస్తున్న నిరక్షరాస్య స్త్రీలను ఆమె అక్కడ చూసింది. తమ పక్షాన ఒక మాట చెప్పుకోవడం కూడా వారికి చేతకాదు. వారికి తోడ్పడాలంటే జాలి చాలదనీ, చదువు కావాలనీ ఆమె నిశ్చయించుకొంది. విడుదలైన తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుండి మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలలో ఉత్తీర్ణురాలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీలకు వసతిగృహం లేదని తెలిసి, చదువుకోగోరిన బాలికలను కూడగట్టి, తానే ఒక వసతిగృహాన్ని నడిపి రాజనీతిశాస్త్రంలో పట్టం పొందింది. ఆపై మదరాసులో న్యాయశాస్త్రం అభ్యసించి న్యాయవాద వృత్తిని చేపట్టింది.

ఆంధ్ర మహిళా సభ

1937లో మదరాసులో లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అనే పేరుతో బాలికల కోసం దుర్గాబాయి ప్రారంభించిన చిన్న బృందమే ఆంధ్ర మహిళా సభగా వికసించింది. చదువు మధ్యలో ఆగిపోయిన బాలికలను, వితంతువులను, భర్తృపరిత్యక్తలను మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచడం సభ తొలినాటి కార్యక్రమం. క్రమంగా వసతిగృహం, చేతిపనుల కేంద్రం, ప్రసూతి వైద్యశాల, నర్సుల శిక్షణ అందులో చేరాయి.

ఇందులో ఒక సూక్ష్మం గమనింపదగింది. ఆ రోజులలో నర్సు వృత్తిపట్ల సంఘంలో చిన్నచూపు ఉండేది. రోగి శరీరాన్ని తాకి చేసే పని కనుక సంప్రదాయ కుటుంబాలు తమ ఆడపిల్లలను ఆ వృత్తికి పంపడానికి ఇష్టపడేవి కావు. మరొకవంక, ప్రసవ సమయంలో తగిన సాయం అందక తల్లులు, పురిటిబిడ్డలు ప్రాణాలు కోల్పోతుండేవారు. ఆధారం లేని స్త్రీకి ఉపాధి కావాలి. ఆసరా లేని రోగికి పరిచర్య కావాలి. ఈ రెండు అవసరాలను ఒకదానితో ఒకటి ముడివేయడమే దుర్గాబాయి దూరదృష్టి. నిన్నటిదాకా ఇతరుల దయకోసం ఎదురుచూసిన స్త్రీ నర్సుగా శిక్షణ పొందిన తరువాత మరొక ఇంటికి ధైర్యం పంచగలిగింది.

పోలియో పీడిత బాలల సేవలో

ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో పిల్లల పాలిట శాపంగా ఉన్న వ్యాధులలో పోలియో ముఖ్యమైనది. దీనికి కారణమైన వైరసు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా నోటిలో ప్రవేశించి పేగులలో వృద్ధి చెందుతుంది. వైరసు సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒకరికి అది వెన్నుపాములోని నాడీకణాలను దెబ్బతీసి శాశ్వతమైన పక్షవాతం కలిగిస్తుంది. నిన్నటివరకు వాకిట పరుగులు తీసిన బిడ్డ రెండు మూడు రోజుల జ్వరం తరువాత లేచి నిలబడలేకపోయేది. చచ్చుబడిన కాలిని మళ్లీ మామూలుగా చేసే మందు నాడు లేదు, నేటికీ లేదు.

మందు లేకపోయినంత మాత్రాన చేయదగిన పని లేకపోలేదు. చచ్చుబడిన కండరాలకు ప్రతిదినమూ వ్యాయామం చేయించకపోతే కీళ్లు బిగుసుకొని అవయవాలు వంకర తిరుగుతాయి. కాలికి ఆధారంగా కాలిపర్లు తొడిగితే బిడ్డ నిలబడగలదు. అయితే బిడ్డ ఎదుగుతున్నకొద్దీ వాటిని మార్చాలి. అవి ఒరుసుకొని చర్మం పుండు పడకుండా చూడాలి. ఇదంతా ఒకనాటితో తీరే పని కాదు; ఏళ్లతరబడి సాగే తపస్సు. ఆసుపత్రిలో వైద్యుడు బిడ్డను చూసేది కొద్ది నిమిషాలు. మిగిలిన కాలమంతా ఆ భారం తల్లిదే. పొలం పనికో కూలికో వెళ్లవలసిన తల్లి బిడ్డను ఎవరిమీద విడిచి వెళ్లాలి? వ్యాయామం ఎలా చేయించాలో ఆమెకు ఎవరు నేర్పాలి? పూర్వజన్మ పాపమని ఇరుగుపొరుగులు దెప్పుతుంటే ఆమెకు ధైర్యం చెప్పేదెవరు?

ఈ అవసరాన్ని గుర్తించిన ఆంధ్ర మహిళా సభ మదరాసులో ఈశ్వరీప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రాన్ని నెలకొల్పి, పోలియో పీడితులకు, ఇతర అంగవైకల్యాలు గల పిల్లలకు చికిత్సను, భౌతిక చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. మహిళల చదువుకోసం పుట్టిన సంస్థ పిల్లల వైకల్యాన్ని తన కార్యక్షేత్రంగా చేసుకోవడంలో వింత లేదు. బిడ్డ మంచాన పడితే మొదట ఆగిపోయేది తల్లి బతుకే. బిడ్డకు అందే సేవ తల్లికి కూడా సేవయే అవుతుంది. ఢిల్లీలోని అంధుల సహాయక సంఘానికి అధ్యక్షురాలిగా కూడా దుర్గాబాయి ఇదే దృష్టితో అంధుల కోసం వసతితో కూడిన పాఠశాలను, వృత్తిశిక్షణకు కర్మశాలను ఏర్పాటు చేసింది.

గ్రామసీమలకు సేవ

1946లో దుర్గాబాయి రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికైంది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు 35 నుండి 30 సంవత్సరాలకు తగ్గడానికి ఆమె ప్రతిపాదన కారణమైంది. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలైంది. 1953 జనవరి 22వ తేదీన ఆర్థికవేత్త, నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో ఆమెకు వివాహం జరిగింది. అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె ప్రథమాధ్యక్షురాలు.

స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు సేవచేసే స్వచ్ఛంద సంస్థలు దేశంలో అనేకం ఉన్నా, వాటిలో అధికభాగం పట్టణాలకే పరిమితమై, నిధులకొరతతో కుంటుతుండేవి. వాటికి ప్రభుత్వ ధనం అందించి, పల్లెలవైపు నడిపించడం మండలి కర్తవ్యమైంది. 1954లో ఆరంభమైన సంక్షేమ విస్తరణ పథకాల కింద కొన్ని గ్రామాలను ఒక సముదాయంగా కూర్చి, అక్కడ బాలవాడి, ప్రసూతి సేవ, వయోజన విద్య, చేతిపనులు ప్రవేశపెట్టారు.

అయితే ఆచరణలో ఒక చిక్కు ఎదురైంది. పల్లెలలో పనిచేయడానికి నర్సులు, మంత్రసానులు, గ్రామసేవికలు కావాలి. ఆ శిక్షణలో చేరడానికి కావలసిన చదువు పల్లె స్త్రీలకు లేదు. చదువుకొన్న పట్టణ స్త్రీలు పల్లెలకు రావడానికి సిద్ధంగా లేరు. ఈ చిక్కును విడదీయడానికి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమం ప్రారంభమైంది. చదువు ఆగిపోయిన స్త్రీ తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధమై, ఆపై నర్సుగానో ఉపాధ్యాయినిగానో శిక్షణ పొందవచ్చు. ఆంధ్ర మహిళా సభలో రెండు దశాబ్దాలకు ముందు చిన్నగా జరిగిన ప్రయత్నమే ఈ విధంగా దేశవ్యాప్తమైంది.

హైదరాబాదులో

దుర్గాబాయి దంపతుల ఉత్తరజీవితం హైదరాబాదుతో పెనవేసుకొంది. ఆంధ్ర మహిళా సభ ఇక్కడ కూడా వేళ్లూనింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహిళా కళాశాల, విద్యానగరులో ఆసుపత్రి వెలిశాయి. ఆ ఆసుపత్రికి నేడు ఆమె పేరే ఉంది. నర్సింగ్ పాఠశాల, ఆమె పేరుతోనే భౌతిక చికిత్స కళాశాల కూడా ఆ సంస్థల వరుసలో చేరాయి. 1975లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1981 మే 9వ తేదీన ఆ సేవామూర్తి కన్నుమూసింది.

నేటికీ నిలిచిన కర్తవ్యం

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలున్నాయి. ఒకనాడు చెరువులు, వ్యవసాయక్షేత్రాలతో నిండిన ఈ సీమలో నేడు జీనోమ్ వ్యాలీ వెలసింది. శామీర్‌పేట సమీపంలోని తుర్కపల్లిలో ఉన్న భారత్ బయోటెక్ వంటి సంస్థలు పోలియో చుక్కల మందుతో సహా అనేక టీకాలను ఉత్పత్తి చేస్తున్నాయి. 1995లో దేశవ్యాప్తంగా మొదలైన పల్స్ పోలియో కార్యక్రమం ఫలించి, 2011 జనవరి 13 తరువాత మనదేశంలో సహజ పోలియో వైరసు వల్ల ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దుర్గాబాయి కాలంలో వేలాది పిల్లలను కుంగదీసిన వ్యాధికి, నేడు నివారణ ఔషధం తెలుగునేలమీదనే తయారవుతున్నది.

అయినా ఆమె చూపిన కర్తవ్యం ముగియలేదు. మెదడు పక్షవాతంతో పుట్టిన బిడ్డకు దినదినమూ వ్యాయామం కావాలి. తలసీమియాతో బాధపడే బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. బాల్యంలోనే మధుమేహం సోకిన బిడ్డకు ప్రతిరోజూ ఇన్సులిన్ ఇవ్వాలి. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో సికింద్రాబాదులోని బోయినపల్లి వద్ద జాతీయ సంస్థ ఏర్పడింది. మేడ్చల్‌కు వెళ్లే రహదారి ఆ బోయినపల్లి మీదుగానే సాగుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సంస్థలు, చట్టాలు ఉన్నా, వాటి ఫలం ఇంటి గడప దాటి లోపలికి రావాలంటే గడప తొక్కే మనిషి ఒకరుండాలి. పల్లెపల్లెకూ తిరిగే ఆరోగ్య కార్యకర్త, బిడ్డకు సూది ఎలా వేయాలో తల్లికి నేర్పే నర్సు, అలసిన తల్లికి ఒక పూట విశ్రాంతినిచ్చే బంధువు, ఆ బిడ్డను తమ ఆటలో చేర్చుకొనే తోటి పిల్లలు, వీరందరూ ఆ కర్తవ్యంలో భాగస్వాములే.

దుర్గాబాయి మిగిల్చిన సంపద భవనాలు కావు, బిరుదులు కావు. జాలిపడి కన్నీరు పెట్టడం సులభం. ఆ జాలిని నైపుణ్యంగా, నైపుణ్యాన్ని సంస్థగా, సంస్థను ప్రజల హక్కుగా మార్చడం కష్టం. ఆ కష్టసాధ్యమైన పనిని జీవితాంతం ఓర్పుతో నిర్వహించినందువల్లనే ఆమె తెలుగువారి హృదయాలలో చిరస్మరణీయురాలైంది.

అర్థాలు

పరోపకారపరాయణుడు = ఇతరులకు మేలు చేయడంలో ఆసక్తి గలవాడు
భర్తృపరిత్యక్త = భర్త విడిచిపెట్టిన స్త్రీ
పరిచర్య = సేవ, శుశ్రూష
కర్మశాల = పనులు నేర్పే, చేసే చోటు
చిరస్మరణీయురాలు = ఎల్లకాలం తలచుకోదగినది

ప్రశ్నలు

1. చెరసాల జీవితం దుర్గాబాయికి నేర్పిన పాఠం ఏమిటి?
2. ఆధారం లేని స్త్రీల సమస్యను, రోగుల అవసరాన్ని దుర్గాబాయి ఎలా ముడివేసిందో వివరించండి.
3. పోలియో పీడిత బిడ్డ ఉన్న కుటుంబం ఎదుర్కొనే కష్టాలను తెల్పండి.
4. సంక్షిప్త విద్యాక్రమం ఏ చిక్కును పరిష్కరించింది?
5. మీ ఊరిలో దీర్ఘవ్యాధి గల బిడ్డ ఉన్న కుటుంబానికి మీరు ఏ విధంగా తోడ్పడగలరో సొంతమాటలలో రాయండి.