విలియం కేరీ గారి చదువు, మాట, పని

మన అధ్యక్ష మండలములో బోధకులమైన మాలో అనేకులు పుచ్చుకొన్న వేదాంత పట్టాలపై శేరంపూర్ అను పేరు ఉండును. 1818లో అచ్చట కళాశాల స్థాపించిన ముగ్గురిలో ఒకరైన విలియం కేరీ గారు తాము మాత్రము ఏ కళాశాలలోను చదువలేదు.

ఆయన 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామమున ఒక నేతపనివాని ఇంట జన్మించిరి. చెప్పులు కుట్టు పని నేర్చి, ఆ పని చేసికొనుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు అలవరచుకొనిరి. 1793లో భార్యాబిడ్డలతో కలకత్తా చేరిరి. మరుసటి ఏడు ఐదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. తల్లి డారతీ గారికి మతి చలించెను. 1807లో కన్నుమూయువరకు ఆమె కోలుకొనలేదు. కేరీ గారిని పొగడు వ్యాసములు తరచుగా ఈ సంగతిని దాటిపోవుచుండును. దాటరాదని మా అభిప్రాయము. ఆయన అనువాదములకు ఆ ఇల్లాలు కూడ వెల చెల్లించినది.

1801 నుండి ఆయన కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలలో బోధించిరి. 1806 జూన్‌లో తన దినచర్య ఒకటి స్నేహితునికి వ్రాసిరి. తెల్లవారుజామున హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము, పనివారితో బెంగాలీలో ప్రార్థన, టీ పోయునంతలో మున్షీతో కొంత పారసీ, పిమ్మట పండితునితో రామాయణ అనువాదము, పదింటికి కళాశాల. మధ్యాహ్నము దాటిన తరువాత మత్తయి సువార్తలో కొంత భాగమును సంస్కృతములోనికి మార్చి, ఆపైన ఒక తెలుగు పండితుని యొద్ద కూర్చుండి మన భాష నేర్చుకొనిరి. రాత్రి ప్రసంగము! అప్పటికాయనకు 44 ఏండ్లు. మా ఈడు వారమే అనుకొనుటకు మాకు సిగ్గు కలుగును. ఉదయము దొరలకు పాఠము చెప్పినవారు సాయంత్రము మన పండితుని యెదుట విద్యార్థి.

1812 మార్చి 11 రాత్రి శేరంపూర్ అచ్చుకూటము కాలిపోయెను. కాగితముతో, వ్రాతప్రతులతో పాటు తెలుగు వ్యాకరణపు ప్రతియు బూడిదయ్యెను. కలకత్తాలోనున్న కేరీ గారికి సహచరుడు మార్ష్‌మన్ గారు వచ్చి ఈ వార్త తెలిపిరి. వార్డు గారు కరగిన సీసము ఏరించి మరల అక్షరములు పోతపోయించిరి. నడచిన త్రోవ రెండవమారు సులువగునని చెప్పి కేరీ గారు తిరిగి వ్రాయ నారంభించిరి. 1814లో ఆ వ్యాకరణము వెలువడెను.

1818లో శేరంపూర్ తెలుగు క్రొత్త నిబంధన వచ్చెను గాని నిలువలేదు. విశాఖపట్నమున మనవారి మధ్య కాపురముండిన ప్రిచెట్ గారి అనువాదమునకే ఆదరణ కలిగెను. పండితుని నోట విన్న భాష వేరు, వీధిలో విన్న భాష వేరు. అయినను తన పనిలో లోపములను దాచు అలవాటు కేరీ గారికి లేదు. బెంగాలీ క్రొత్త నిబంధనను ఎనిమిది ముద్రణల వరకు తామే దిద్దిరి.

తన్ను గూర్చియు అంతే. గవర్నరు జనరలు గారి విందులో ఒక అధికారి, ఈయన పూర్వము చెప్పులు చేయువాడు కాడా అని పొరుగువానితో అనగా, తాను చేయువాడను కూడ కానని, పాతవి బాగుచేయువాడను మాత్రమేనని కేరీ గారు సరిదిద్దినట్లు చెప్పుదురు.

1834 జూన్ 9న శేరంపూర్‌లో మరణించిరి. రెండవ భార్య సమాధి రాతిమీదనే తన పేరు, తేదీలు, వాట్స్ గారి కీర్తనలో రెండు పంక్తులు మాత్రమే చెక్కవలెనని వీలునామాలో వ్రాసియుంచిరి.