గాలికి గురి నేర్పిన జిరాండొని

చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు మార్కాపురం వెళ్ళినవారెవరైనా బెలూన్లు కాల్చే అంగడి ముందు ఒక్క క్షణమైనా ఆగకుండా రారు. అంగడివాడు తుపాకి వంచి బఠాణీ గింజంత సీసపు గుండు పెట్టి చేతికిస్తాడు. గురి చూసి మీట నొక్కామా, బెలూను ఢామ్మంటుంది. పొగ లేదు, మందు వాసన లేదు. పిల్లల ఆటే గదా అని నవ్వుకుంటూ వచ్చేస్తాం. కాని ఇదే గాలి ఒకప్పుడు ఒక సామ్రాజ్య సైన్యానికి ఆయుధమైందనీ, దాన్ని తన చేతులతో రూపొందించినవాడు ఒక గడియారాల పనివాడనీ మనలో ఎందరికి తెలుసు? అతడే బార్తలోమియో జిరాండొని. జిరార్డొని అని రాసేవారూ ఉన్నారు.

ఆయన 1744లో ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న అంపెజ్జో అనే చోట జన్మించాడు. నేడు అది ఇటలీలో ఉంది, ఆనాడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. గడియారాలు చేయడం, తుపాకులు చేయడం రెండూ ఆయనకు పట్టుబడ్డాయి. గడియారం పని మనిషికి ఓర్పు నేర్పుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రం తిరగదు. ఆ ఓర్పే తర్వాత ఆయనను నిలబెట్టింది.

ఆ కాలపు తుపాకి సంగతి చూడండి. ఒక్కొక్క గుండుకూ గొట్టంలో మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలిగితే వాడు మొనగాడు! వాన పడి మందు తడిసిందంటే ఇక అంతే సంగతులు. ఒకసారి గుండ్లు నింపుకుంటే వరుసగా పేలే తుపాకి చేయాలని జిరాండొని తలపెట్టాడు. ఆ ప్రయోగాల్లో మందు పేలి ఎడమ చేయి పోగొట్టుకున్నాడనీ, ఇనుప చేయి తగిలించుకుని మళ్ళీ పనిలోకి దిగాడనీ, మందును వదిలి గాలిని నమ్ముకున్నది అప్పుడేననీ చెబుతారు. మనకైతే ఒక్క సబ్జెక్టు తప్పితేనే చదువు మానేయాలనిపిస్తుంది!

ఆయన చేసిన తుపాకి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మన కంభం చెరువును తలుచుకుంటే చాలు. కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మ నీటిని ఆపారు. తూము ఎత్తినంత మేరకే నీరు బయటికొస్తుంది. జిరాండొని తుపాకిలో మడమే చెరువు. ఇనుప రేకును సాగగొట్టి, రివెట్లు వేసి, ఇత్తడితో అతికి చేసిన ఆ బుడ్డిలో గాలిని కూరతారు. ఆ వత్తిడి లారీ టైరులో కొట్టే గాలికి ఏడెనిమిది రెట్లు. మీట నొక్కితే చిన్న తూము కన్ను మూసి తెరిచేంతలో తెరుచుకుని, కొలతగా కొంచెం గాలిని వదిలి మూసుకుంటుంది. గొట్టం పక్కనే మరో సన్న గొట్టంలో ఇరవై దాకా గుండ్లు ఉంటాయి. తుపాకి మూతి పైకెత్తి అడ్డుబిళ్ళను వేలితో నెట్టితే ఒక గుండు జారి దాని స్థానంలో కూర్చుంటుంది. పడుకున్నచోటు నుంచి లేవకుండానే సిపాయి వరుసగా కాల్చవచ్చు.

1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం దీన్ని చేపట్టింది. రెండవ జోసెఫ్ చక్రవర్తి కాలమది. వియన్నా దగ్గరి పెన్జింగ్‌లో జిరాండొని పని సాగించాడు. 1788లో తురుష్కులతో మొదలైన యుద్ధంలో ఈ తుపాకులు రంగంలోకి దిగాయి. పొగ రాదు కనుక గుండు ఎటునుంచి వచ్చిందో శత్రువుకు తెలిసేది కాదు.

ఇంత గొప్ప తుపాకి మరి ఎందుకు నిలవలేదు? ఒక్క బుడ్డి నింపాలంటే చేతి పంపుతో దాదాపు 1500 సార్లు కొట్టాలి. సైకిలు ట్యూబుకు గాలి కొట్టినవారికి ఆ బాధ తెలుసు! ముప్పై గుండ్లు పోయేసరికి ఊపు తగ్గిపోతుంది. తోలు బిరడాలు తడి ఆరితే గాలి కారిపోతుంది. వీటన్నిటినీ మించిన చిక్కు ఇంకొకటి ఉంది. రహస్యం పొక్కకూడదని కట్టుదిట్టాలు చేశారు. ఆ నాజూకు పని తెలిసిన చేతులు కొద్దిగానే ఉన్నాయి. రణరంగంలో తుపాకి చెడితే బాగుచేసేవాడు దొరకడు. కొత్త సిపాయికి నేర్పేవాడూ దొరకడు. 1799లో జిరాండొని కన్నుమూశాడు. 1815 నాటికి ఆ తుపాకి సైన్యంలో కనబడకుండా పోయింది.

అయితే ఆయన పేరు సముద్రాలు దాటింది. 1803లో అమెరికా పడమటి దిక్కును అన్వేషించడానికి బయలుదేరిన మెరివెదర్ లూయిస్ వెంట ఒక గాలితుపాకి ఉంది. అది జిరాండొని రకానిదేనని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. ప్రయాణం మొదట్లోనే పిట్స్‌బర్గ్ దగ్గర దాన్ని ఒకరి చేతికిస్తే పొరపాటున పేలింది. నలభై గజాల దూరంలో ఉన్న ఒక స్త్రీ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత గీసుకుంది. అదృష్టవశాత్తు ఆమె బతికింది. ఆ తర్వాత దారి పొడుగునా అక్కడి తెగల పెద్దల ముందు లూయిస్ దాన్ని పేల్చి చూపించేవాడు. మందు లేకుండా మళ్ళీ మళ్ళీ పేలే తుపాకిని చూసి వారు విస్తుపోయేవారు. గుప్పెడుమంది ప్రయాణికులకు ఆ వింతే ఒక రక్షణ అయింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్య పతకం గెలిచాడు. నేటి పోటీ తుపాకుల్లోనూ సిలిండరులో గాలి నింపుకుని, కొలతగా వదలడమే సూత్రం. ఆలోచన చావలేదు. కాని నడుమ ఎంతకాలం వృథా అయింది!

మిత్రులారా, ఈ కథ మనకెందుకంటారా? మన మార్కాపురం పలక గని నుంచి బడిపిల్లవాడి ఒళ్ళోకి చేరేదాకా ఎన్ని చేతులు మారేదో గుర్తుందా? ఉలి ఎక్కడ పెడితే రాయి పొరగా విడుతుందో ఆ పనివాడికి కన్ను చెబుతుంది, చేయి చెబుతుంది. ఆ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పలక వాడకం తగ్గింది. ఆ చేతులూ ముసలివవుతున్నాయి. జిరాండొని పనితనం లోపించి ఓడిపోలేదు. ఆ పనితనం పదిమందికి అందక ఓడిపోయింది. ఈ సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక పలకల పనివాడి పక్కన, ఒక కమ్మరి కొలిమి పక్కన ఓ పూట కూర్చోండి. అడిగి తెలుసుకోండి, కాగితం మీద పెట్టండి. చదువుకున్న మనం ఆ చేతులకు తీర్చగలిగిన రుణం అదే.