ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ (మే 12, 1820 - ఆగష్టు 13, 1910) ఆధునిక నర్సింగ్ వృత్తికి పునాది వేసిన ఆంగ్ల మహిళ. రాత్రివేళ దీపం చేతబట్టి రోగులను పరామర్శించిన స్త్రీగా పాఠ్యపుస్తకాలు ఈమెను పరిచయం చేస్తాయి. నర్సు రోగిని ఎలా గమనించాలి, గమనించినదానిని వైద్యునికి ఎలా తెలియజేయాలి అన్న విషయమై ఈమె చేసిన కృషి అంతకంటె విలువైనది.

జీవిత విశేషాలు

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించింది. ఆ నగరం పేరే ఈమెకు పెట్టారు. కుటుంబం వ్యతిరేకించినా 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందింది. క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అక్కడి వైద్యులకు వీరి రాక రుచించలేదు. వైద్యులు కోరనిదే ఏ రోగికీ సేవ చేయరాదని ఈమె తన నర్సులను కట్టడి చేసింది. కళ్లెదుట రోగులు బాధపడుతుండగా ఊరక కూర్చోవడం వారికి దుర్భరమైంది. కొద్ది రోజులకే క్షతగాత్రులు వెల్లువగా రావడంతో వైద్యులే వారిని పిలిచారు. కఠినమైన నిర్ణయమే కాని, వైద్యుల నమ్మకం పొందడానికి ఈమెకు వేరు దారి లేకపోయింది.

నర్సు, వైద్యుడు

1859లో "నోట్స్ ఆన్ నర్సింగ్" అను గ్రంథం రచించింది. వైద్యుడు రోగిని చూసేది కొద్ది నిమిషాలే గనుక మిగిలిన సమయమంతా నర్సు కళ్లే ఆధారమని ఈమె భావన. రాత్రి బాగా నిద్రపోయాడా అని అడిగితే ప్రయోజనం లేదు; ఎన్ని గంటలు, ఏ వేళలో నిద్రపోయాడో చెప్పాలి. రోగి అన్నం ముట్టకపోతే ఆకలి లేదని ఊరుకోరాదు. వంట బాగాలేదా, ఆహారం తగినది కాదా, వేళ సరికాదా, నిజంగానే ఆకలి లేదా అని ఈమె నాలుగు కారణాలను విడదీసింది. ఒక్కొక్కదానికి ఉపాయం వేరు. రోగి ఉన్న గదిలోనే అతని గురించి గుసగుసలాడటాన్ని తీవ్రంగా ఖండించింది.

ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవులలో వాగులు పొంగిన రోజున ఈ మాటల విలువ తెలుస్తుంది. దూరపు గూడెంలోని జ్వరపీడితుని స్థితి వైద్యునికి తెలిసేది ఏ.ఎన్.ఎం. ఫోనులో చెప్పే వివరాలను బట్టే. జ్వరంగా ఉన్నదన్న ఒక్క మాట చాలదు. ఎన్నాళ్లుగా, ఎన్ని డిగ్రీలు, చలితో వస్తున్నదా, మగత ఉన్నదా అన్నవి తెలిస్తేనే మలేరియా ప్రాణాంతక దశకు చేరినదీ లేనిదీ వైద్యుడు ఊహించగలడు.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఈమె పేర నర్సుల శిక్షణాలయం ప్రారంభమైంది.

భారతదేశంతో సంబంధం

నైటింగేల్ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి పారిశుధ్యం, కరువుల గురించి దశాబ్దాల పాటు వ్రాసింది. సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదనను బలపరచింది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్దనున్న పాత ఆనకట్ట, కాటన్ తలపెట్టిన గోదావరి నౌకాయాన పథకంలో భాగమే. ఆ పథకం పూర్తికాలేదు.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయింది. 1910లో లండన్‌లో మరణించింది. ఈమె పుట్టినరోజైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుకుంటారు.