పశువుల కాపరి పాట

ధ్యాన భాగము: నిర్గమకాండము 4:10–16

క్రిస్మసు ఆరాధనలోగాని కోత పండుగలోగాని ఒంటరిగా పాట పాడుటకు లేచిన మన బిడ్డలను చూచుచున్నాము. ఇంటియొద్ద చక్కగా పాడిన బిడ్డకు సంఘము ఎదుట నిలువగానే గుండె దడదడలాడును, నోరు ఎండును, ఊపిరి చాలక స్వరము వణకును. అది చూచి కొందరు నవ్వుదురు, కొందరు సిగ్గుతో తల వంచుకొందురు. పాటలోని మాట ఎవరి మనస్సుకును చేరదు.

ఇట్టి భయము 1,300 ఏండ్లకు పైగా పూర్వము ఒక పశువుల కాపరిని పీడించెను. బంట్వారము చుట్టుపట్ల పల్లెలలో గొడ్లను కాచి పెరిగిన మనకు ఆయన పరాయివాడు కాడు.

ఆయన పేరు కేడ్మన్. ఇంగ్లాండు ఉత్తరభాగమున, సముద్రతీరమునందలి విట్బీలో 657లో స్థాపింపబడిన మఠమునకు హిల్డా అను భక్తురాలు అధిపతిగా నుండెను. కేడ్మన్ అచ్చట పనివాడు. చదువు రాదు, వయస్సు మీరువరకు ఒక్క పాటయైనను నేర్వలేదు. ఆ కాలపు విందులలో సితారావంటి తంతివాద్యము చేతులు మారుచు వచ్చెడిది. ఎవరి వంతు వచ్చిన వారు పాడవలెను. వాద్యము తన్ను సమీపించుట చూడగానే కేడ్మన్ భోజనము మధ్యలో లేచి ఇంటికి పోవుచుండెను.

ఒక రాత్రి అట్లే లేచిపోయెను. ఆ రాత్రి పశువుల కావలి తనదే గనుక కొట్టములో పండుకొనెను. కలలో ఒకరు నిలిచి, పేరు పెట్టి పిలిచి, పాడుమనెను. తనకు పాట రాదనియు, విందు విడిచి వచ్చినది అందుకేననియు ఆయన చెప్పెను. అయినను పాడవలెనని చెప్పి, సృష్టి ఆరంభమునుగూర్చి పాడుమని ఆ వ్యక్తి ఆజ్ఞాపించెను. అప్పుడు కేడ్మన్ తానెన్నడును వినని మాటలతో సృష్టికర్తను స్తుతించెను. మేల్కొనిన తరువాత పాటంతయు జ్ఞాపకముండెను; దానికి మరికొంత చేర్చెను.

ఉదయమున తన పైఅధికారికి తెలుపగా ఆయన హిల్డాయొద్దకు తోడుకొనిపోయెను. తోటివారి వేడుకలో నోరు తెరువనివాడు ఇప్పుడు పండితుల ఎదుట పాడవలసి వచ్చెను. వారు నవ్వలేదు. ఓపికతో విని, ఇది దేవుని వరమని ఒప్పుకొని, ఒక వాక్యభాగమును వివరించి, దానిని పాటగా కట్టుమనిరి. ఆయన మరునాటి ఉదయమున పాటతో తిరిగివచ్చెను. హిల్డా ఆయనను మఠములో చేర్చుకొని పరిశుద్ధ చరిత్ర అంతయు నేర్పించెను. పశువు నెమరువేయునట్లు ఆయన విన్నదానిని నెమరువేసి మధుర గీతముగా మార్చెనని బీడ్ అను చరిత్రకారుడు 731లో ముగించిన గ్రంథమున వ్రాసెను. సృష్టి, ఐగుప్తునుండి విడుదల, క్రీస్తు జననము, సిలువ, పునరుత్థానము, ఇవన్నియు తన ప్రజల భాషలో పాడెను. నేర్పినవారే ఆయనకు శ్రోతలైరి. నేడు మిగిలియున్నవి ఆ మొదటి పాటలోని 9 పంక్తులు మాత్రమే.

మరణము సమీపించినప్పుడు ఆయన అందరితో సమాధానముగా నున్నానని చెప్పి, రాత్రి స్తుతి ఆరాధన వేళ ఎప్పుడని అడిగి, తల వాల్చి నిద్రించినట్లు కన్నుమూసెను.

ప్రియులారా, వణకు అవిశ్వాసము కాదు. అపాయము వచ్చెనని తలంచి శరీరము తన్ను తాను సిద్ధపరచుకొనుటయే అది. మోషే తన నోరు మాంద్యమైనదని వెనుదీసెను. దేవుడు అతని పనిని తీసివేయక అహరోనును తోడిచ్చెను. పౌలు సైతము కొరింథులో వణకుచునే ప్రకటించెను. కాబట్టి బిడ్డను మొదట ఇంటిలో ఇద్దరు ముగ్గురి ఎదుట పాడనిత్తము. నిదానముగా ఊపిరి విడుచుట నేర్పుదము.

అయితే పాడువానికంటె వినువారికే ఇందులో ఎక్కువ పని యున్నది. ఒక్కసారి నవ్వులపాలై మరల నోరు తెరువనివారు మన సంఘములలో ఉన్నారు. ఆ దోషము మనది. విందులోని వారివలె కాక హిల్డావలె విందము. వచ్చు ఆదివారమున ఒక బిడ్డ స్వరము తడబడినయెడల, మనమందరము కలిసి పల్లవి అందుకొందము.