అందరి కన్నీళ్లూ తుడిచిన పాట

బాబ్ మార్లే అనగానే జడలు కట్టిన జుట్టు, చేతిలో గిటారు గుర్తొస్తాయి. కుర్రకారు టీషర్టుల మీద కనిపించేది ఆ బొమ్మే. కానీ ఆ పాట వెనక ఇద్దరు ఆడవాళ్లున్నారని ఎంతమందికి తెలుసు?

మొదటి మనిషి తల్లి సెడెల్లా. జమైకా దీవిలోని నైన్ మైల్ అనే పల్లెలో 1945 ఫిబ్రవరి 6న బాబ్ పుట్టేనాటికి ఆమెకి 18 ఏళ్లే. భర్త తెల్లజాతివాడు, వయసులో చాలా పెద్ద. పెళ్లయితే చేసుకున్నాడుగానీ కాపురం చేసిందెక్కడ? ఆమే కష్టపడి కొడుకుని పెంచింది. తర్వాత కింగ్‌స్టన్‌లో, ట్రెంచ్‌టౌన్ అనే పేదల పేటకి చేరారు.

అక్కడే 1963లో స్నేహితులతో కలిసి 'వెయిలర్స్' బృందం కట్టాడు బాబ్. 1966లో రీటాని పెళ్లాడాడు. పాటకి పేరొచ్చినా డబ్బు రాలేదు. పెళ్లయిన కొద్దిరోజులకే అమెరికాలో ఉన్న తల్లి దగ్గరికెళ్లి కొన్నాళ్లు ఉద్యోగం చేయాల్సొచ్చింది.

1974లో పాత స్నేహితులిద్దరూ విడిపోతే, రీటా మరో ఇద్దరు గాయనులతో కలిసి అతని వెనక గొంతు కలిపింది. 'నో వుమన్ నో క్రై' ఆ ఏడాది పాటే. ఆడది లేకపోతే ఏడుపే లేదని కొందరు అర్థం చెప్పుకుంటారు గానీ, నిజానికది ఏడుస్తున్న ఆడమనిషికి ధైర్యం చెప్పే పాట.

1976 డిసెంబరు 3న ఇంట్లోకి జొరబడి దుండగులు కాల్పులు జరిపారు. బాబ్‌కి గాయాలయ్యాయి, రీటాకి తలలో గుండు దిగింది. అయినా రెండు రోజులకే ఇద్దరూ వేదికెక్కి పాడారు!

మరి ఇంట్లో? అతనికి ఇతర స్త్రీలతో సంబంధాలున్నాయి, పిల్లలూ కలిగారు. అవన్నీ దిగమింగుకునే రీటా అతని పక్కన పాడింది.

1977లో కాలివేలికి క్యాన్సరని తేలింది. వేలు తీసేయాలని డాక్టర్లు చెప్పినా, తాను నమ్మిన రస్తఫారీ మతానికి విరుద్ధమని ఒప్పుకోలేదు. జబ్బు ఒళ్లంతా పాకింది. 1981 మే 11న కన్నుమూశాడు, 36 ఏళ్లకే. వీలునామా రాయలేదు. ఆస్తి తగాదాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాయి. కడుపుకోత అనుభవించిన సెడెల్లా 2008 దాకా బతికింది.

2004లో రీటా తన కథ తనే చెప్పుకుంది. ఆ పుస్తకానికి పెట్టుకున్న పేరు 'నో వుమన్ నో క్రై'.