సగం గళ్లు ఖాళీ.. అయినా లెక్క తేల్చారు! ఎవరీ రిచర్డ్ స్టోన్?

ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి ఎంత సరుకు వెళ్లింది? అడగడం తేలికే.. చెప్పడమే కష్టం. ఒక్కో ప్రాంతం మొత్తం ఎంత పంపింది, ఎంత తెప్పించుకుంది అన్నది ఎలాగోలా దొరుకుతుంది. ఎవరి నుంచి ఎవరికి అన్న గళ్లే ఖాళీగా ఉంటాయి. అలాంటి గళ్లు నింపే పద్ధతిని ఆర్థిక లెక్కల్లోకి తెచ్చిన వ్యక్తి రిచర్డ్ స్టోన్.

1913లో లండన్‌లో పుట్టారు. తండ్రి మద్రాసు హైకోర్టు జడ్జిగా రావడంతో, 1930లో స్కూలు చదువు అయిపోగానే తల్లిదండ్రులతో వచ్చి ఏడాది మద్రాసులో ఉన్నారు. అప్పట్లో కోస్తా, సీమ జిల్లాలకూ అదే హైకోర్టు. తర్వాత కేంబ్రిడ్జిలో లా చేరి, రెండేళ్లకే ఎకనామిక్స్‌కు మారిపోయారు.

యుద్ధం వచ్చింది. బ్రిటన్ ఎంత ఖర్చు భరించగలదు, ధరలు మండకుండా పన్ను ఎంత వేయాలి? ఇది తేలాలంటే దేశం ఆదాయం తెలియాలి. జేమ్స్ మీడ్‌కు సహాయకుడిగా స్టోన్ చేరారు. కొద్దిరోజులకే సీన్ రివర్స్.. లెక్కల మిషన్ పిడి తిప్పే పని మీడ్‌కు పడింది! 1941 బడ్జెట్‌తో పాటు ఆ లెక్కలు బయటికొచ్చాయి. అంకెలు ఒకదానితో ఒకటి కుదరకపోతే? నమ్మకమైన అంకెను తక్కువ, అనుమానం ఉన్నదాన్ని ఎక్కువ కదపాలని 1942లో మీడ్, ఛాంపర్నౌన్‌లతో కలిసి దారి చూపారు. 1949లో భారత్ వేసిన జాతీయ ఆదాయ కమిటీకి సలహా ఇచ్చిన విదేశీ నిపుణుల్లోనూ ఆయన ఉన్నారు.

1960ల్లో కేంబ్రిడ్జిలో వచ్చిందే ఆర్‌ఏఎస్ పద్ధతి. పాత పట్టికలో ఒక అడ్డు వరుస మొత్తం 100, ఇప్పుడు 120 అనుకుందాం. ఆ వరుసలోని ప్రతి గడినీ 1.2తో గుణిస్తారు. అప్పుడు నిలువు మొత్తాలు తప్పుతాయి. వాటినీ అలాగే సరిచేస్తారు. మళ్లీ అడ్డం, మళ్లీ నిలువు.. రెండూ కుదిరేదాకా. స్టోన్ దీన్ని పరిశ్రమల మధ్య లావాదేవీలకు వాడారు. ప్రాంతాల మధ్య వ్యాపారం అంచనాకూ ఇదే పనికొచ్చింది. ఇలాంటి కిటుకునే జనాభా లెక్కల కోసం 1940లో డెమింగ్, స్టీఫన్ ప్రచురించారు లెండి.

అయితే ఓ తిరకాసు. పాత పట్టికలో సున్నా ఉంటే, దేనితో గుణించినా సున్నానే. రెండు ఊళ్ల మధ్య కొత్తగా రైలు పడి వ్యాపారం మొదలైనా ఈ లెక్కకు కనిపించదు. అది విడిగా కనుక్కుని రాయాల్సిందే.

పిడి తిప్పిన మీడ్‌కు 1977లోనే నోబెల్ వచ్చింది. స్టోన్ 1984 దాకా ఆగాల్సి వచ్చింది. 1991 డిసెంబరు 6న కన్నుమూశారు.